ఓరెస్ట్ చేతి రెండు

ఓరెస్ట్ హ్రిట్సాక్ అడక్కుండా ఎవరినీ కొట్టడు. ముందు ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, "ఎంత?" అంటాడు. పదిలో ఎంత జోరుగా అని. మూడంటే మూడు కొడతాడు, నాలుగంటే నాలుగు. మూడుంబావు అంటే మరీ సంతోషం, కొలత తెలిసిన మనిషి ఒకడు దొరికాడని.

కంగారు పడకండి, కొట్టడం ఆయన డ్యూటీ. కెనడాలో, విన్నిపెగ్‌లో మెయిన్ స్ట్రీట్ మీద, పెరోగీలనే ఉడికించిన కజ్జికాయలు అమ్మే కొట్టుకీ బట్టలుతికే మెషీన్ల కొట్టుకీ మధ్య మార్గో టెలియె ఆత్మరక్షణ నేర్పే బడి నడుపుతోంది. అక్కడ మేమంతా నేర్చుకునేవాళ్ళం, ఓరెస్ట్ దుండగుడు. దుండగుడికి యూనిఫారం ఉంది: ఒళ్ళంతా మందపాటి మెత్తలు కుట్టిన సూటు, గుమ్మడికాయంత హెల్మెట్. చిరిగినచోటల్లా వెండి రంగు టేపు వేసి వేసి, పదకొండేళ్ళకి అసలు గుడ్డ కన్నా టేపే ఎక్కువైంది. ఆ సూటులో ఆయన వెనకనించి వచ్చి పట్టుకుంటాడు, సంచీ లాగుతాడు, గోడకి నొక్కుతాడు. మేము మోచేతులతో, మోకాళ్ళతో, అరుపులతో తప్పించుకోవాలి.

నా పేరు వెర్న్. ఇళ్ళకి నేల పలకలు అమ్ముకుంటాను. ఆ బడిలో ఓరెస్ట్ చేత తొమ్మిది తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ముక్క అడక్కపోయినా చెబుతాను. పెళ్ళి విందుల్లో చెప్పాను, చేపలు పట్టేచోట చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోట్లో దూది ఉండగా కూడా చెప్పాను.

ఓరెస్ట్‌కి ఈ అంకెల జబ్బు పట్టుకున్నది సిటీ బస్సుల గరాజులో. ముప్ఫై ఒక్క ఏళ్ళు అక్కడ బ్రేకులు బిగించాడు. బ్రేకుని ఒక్క పట్టున బిగించకూడదట. పావు చుట్టు తిప్పి, బస్సు తోలి చూసి, మళ్ళీ ఇంకో పావు చుట్టు తిప్పాలట. ఎందుకయ్యా ఇంత నస అంటే, "బస్సులో నిలబడ్డవాళ్ళు ఉంటారు కదా" అనేవాడు. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ పావు చుట్టు పోలేదు.

చెయ్యి కలపాలన్నా ఆయనకి అంకె కావాలి. చర్చి గుమ్మం దగ్గర కొత్తగా వచ్చిన ఫాదర్ చెయ్యి చాపితే, "ఎంత?" అని అడిగాడు. ఫాదర్ తెలియక "మీ ఇష్టం" అన్నాడు. ఇష్టం అంకె కాదని చెప్పి ఓరెస్ట్ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక జనం మెట్ల మీద ఆగిపోయారు. ఫాదర్ "అయిదు" అన్నాక గానీ లైను కదల్లేదు. ఇంట్లో భార్య స్టెఫాకి కోపం వస్తే, "ఇది ఆరా, ఏడా?" అని వాకబు చేసేవాడు. ఆ వాకబు వల్లే ఆరు కాస్తా ఎనిమిది అయ్యేదని ఆవిడ నాతో చెప్పింది.

జనవరిలో రోడ్లు గడ్డకట్టినప్పుడు కారు "రెండు"లో తోలేవాడు. ఒకసారి వెనక పందొమ్మిది కార్లు పోగుపడితే పోలీసు ఆపాడు. ఓరెస్ట్ అద్దం దించి, మీ కోపం పదిలో ఎంతో చెబితే దాన్నిబట్టి మాట్లాడతానన్నాడు. పోలీసు కాసేపు ఆలోచించి మూడు అన్నాడట. మూడు కోపానికి మందలింపు చాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పాఠంలో మెట్లు అందరు గురువులూ ఎక్కించేవే. మొదట నిలబడ్డచోట మణికట్టు పట్టుకుంటారు. అది తేలిగ్గా విడిపించుకోవడం వచ్చాక నడుస్తుంటే పట్టుకుంటారు. తర్వాత తోపులు, బూతులు. చివరికి ఎటునించి ఎప్పుడు వస్తారో చెప్పరు. ఓరెస్ట్ మాత్రం మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇంకో నాలుగు మెట్లు కట్టేవాడు. పైగా కోటు ఒకటి. జూన్ నెలలో చెమటలు కారుతుంటే అందరి చేతా చలికోటు, ఊలు టోపీ, లావుపాటి చేతితొడుగులు, మంచుబూట్లు వేయించేవాడు. ఈ ఊళ్ళో ఆర్నెల్లు దొంగ కూడా కోటేసుకునే వస్తాడని, బనీన్లలో నేర్చుకున్న విద్య జూలైలో తప్ప పనికిరాదని ఆయన వాదన. వాదన సరైనదే. లావు చేతితొడుగు వేసుకుని పిడికిలి బిగించి చూడండి.

కిందటేడు రోడ్డుకి అవతల ఇంకో బడి వెలిసింది. అక్కడ మెట్లూ లేవు, కోట్లూ లేవు. చీకటి గది, ఎర్ర బల్బులు, చెవులు పగిలే పాటలు, మొదటి రోజే పది. మాలో పన్నెండుమంది అటు దూకారు. నలుగురు వారానికే తిరిగొచ్చారు, అందులో ఒకడు చంకకర్రలతో. మిగతా ఎనిమిదిమంది రాలేదు. మార్గో గుండెల్లో రాయి పడింది. జూన్ ఆఖరి శనివారం అందరికీ పరీక్ష, కోరినవాళ్ళందరికీ పది అని గోడ మీద కాగితం అంటించింది. ఓరెస్ట్ ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి, అందరూ ఒకే శనివారం పది ఎలా అవుతారని అడిగాడు. మార్గో ఎదుటి బడి కిటికీ చూపించింది.

ఇక లిగాయా సంగతి. ఫిలిప్పీన్స్ మనిషి, అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానం చేయించి, మందులు వేసి, అన్నం పెట్టే ఉద్యోగం. నవంబరులో ఒక సాయంత్రం బస్టాపులో కూర్చుని ఉంటే ఎవడో వచ్చి సంచీ పట్టీ పట్టుకున్నాడు. ఆమె అరవలేదు, లాక్కోలేదు, కనీసం వదల్లేదు. కొయ్యబారిపోయింది. వాడే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకుని సంచీ పట్టుకుపోయాడు. ఒంటి మీద దెబ్బ లేదు. కానీ ఆ వేళ్ళు విప్పడం ఆమెని వదల్లేదు, మళ్ళీ బస్సెక్కలేదు. పిన్ని కూతురు రోజూ కార్లో దింపేది. ఆ పిల్ల జూన్ ఆఖరికి కాల్గరీ వెళ్ళిపోతోంది. ఆ తర్వాత లిగాయా బస్సయినా ఎక్కాలి, పనయినా మానాలి. ఆమె వస్తే గానీ మంచం దిగలేనివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు.

డిసెంబరులో మా బడికి వచ్చింది. ఓరెస్ట్ ఎదురుగా నిలబడి "ఎంత?" అంటే, "సున్నా ఉందా?" అని అడిగింది.

ఉందన్నాడు ఓరెస్ట్. ఆ రోజు అరగంటసేపు సున్నా చేశారు. అంటే ఆయన గదికి ఆ చివర కుర్చీలో, ఆమె ఈ చివర కుర్చీలో కూర్చున్నారు. అయ్యాక ఓరెస్ట్ హెల్మెట్ తీసి, సున్నా చాలా బాగా చేశావని మెచ్చుకున్నాడు.

నలుగురిలో సిగ్గని ఆమె మంగళవారాలు మాకంటే అరగంట ముందు వచ్చేది. మేమొచ్చేసరికి బూట్లు తొడుక్కుంటూ కనిపించేది. అందుకని ఆ పాఠం మాలో ఎవరం చూడలేదు. చప్పుళ్ళు మాత్రం తలుపు బయటికి వినిపించేవి. ఓరెస్ట్ గరాజు నించి పాత బస్టాపు బెంచీ ఒకటి తెచ్చి, మొదటి వారం దుప్పటి కప్పి మూల పెట్టాడు. రెండో వారం దుప్పటి సగం తీశాడు. మార్చిలో ఆమె దానిమీద కూర్చుంది. కూర్చున్నాక బస్సు వచ్చి ఆగే చప్పుడు ఆయనే నోటితో చేసేవాడు: ష్‌ష్‌ష్, ఫుస్స్. అది కొత్త బస్సని, పాతదైతే చివర్లో కీచుమంటుందని చెప్పి, కీచుమని చూపించేవాడు. ఆమె ఆయన్ని కుయా అని పిలిచేది. వాళ్ళ భాషలో అన్నయ్య అట. అరవై నాలుగేళ్ళవాణ్ణి మామయ్య అనకుండా అన్నయ్య అందని ఆ ఆదివారం చర్చిలో కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

ఇవాళ ఎంత అని నేను లిగాయాని అడిగేవాణ్ణి. "రెండు" అనేది. జనవరిలో రెండు. మార్చిలో రెండు. మేలో కూడా రెండే. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు ఓరెస్ట్‌ని పక్కకి పిలిచి, పది తినాల్సిన మనిషిని రెండు దగ్గర కూర్చోబెట్టి ముద్దు చేస్తున్నావని, ఇది సాయం కాదని మొహమ్మీదే అనేశాను.

"ఎంత కోపంగా అంటున్నావు, వెర్న్?"

"ఏడు."

"ఏడైతే పొద్దున్నకి తగ్గుతుంది" అని హెల్మెట్ తగిలించుకున్నాడు.

ఆయన పధ్నాలుగు నెలలుగా హెర్నియా ఆపరేషన్ తేదీ కోసం చూస్తున్నాడు. వచ్చింది, సరిగ్గా పరీక్షకి రెండు రోజుల ముందుకి. మా ఊళ్ళో కూతురి పెళ్ళయినా వాయిదా వేస్తారు గానీ ఆపరేషన్ తేదీ వాయిదా వెయ్యరు. సూటు నాకు అప్పగించాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "నీ పది వల్ల ఎవరికీ ఏ ప్రమాదం లేదు, వెర్న్. నిశ్చింతగా కొట్టు" అన్నాడు. నా అదుపుని మెచ్చుకున్నాడనుకుని ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను. లిగాయా వస్తే ఏం చెయ్యమంటావంటే, అడిగినంత ఇవ్వు, తర్వాత ఆమె ఏం చెబుతుందో విను అన్నాడు.

శనివారం పొద్దున బయట ఇరవై ఎనిమిది డిగ్రీల ఎండ. లోపల కోట్లలో మేము. నేను వరసగా అయిదుగురికి పది ఇచ్చాను, అయిదుగురూ నెగ్గారు. నా పది గురించి ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఒకావిడ నేను మీద పడ్డ తర్వాత తీరిగ్గా జుట్టు సర్దుకుని అప్పుడు విడిపించుకుంది. లిగాయా ఊరికే చూద్దామని వచ్చి గోడవార నిలబడింది. పది తన వల్ల కాదని, పిన్ని కూతురు సోమవారమే వెళ్ళిపోతోందని, తను పని మానేస్తున్నట్టు ఆఫీసుకి ఉత్తరం కూడా రాసిపెట్టానని మార్గోతో నెమ్మదిగా చెబుతోంది. ఆ ఉత్తరం సంచీలో ఉంది. మార్గో బతిమాలి, పోనీ నీ రెండే తీసుకో అంది.

లిగాయా కోటు జిప్పు గడ్డం దాకా లాక్కుని, టోపీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. నేను వెనక్కి వెళ్ళి, ఓరెస్ట్ పద్ధతిలోనే గొంతు సవరించుకున్నాను.

"ఎంత?"

"రెండు."

నిఖార్సయిన రెండు ఇచ్చాను. భుజం మీద చెయ్యి వేసి సంచీ పట్టీ లాగాను. ఆమె తల తిప్పి, మర్యాదగా, "మొదలుపెట్టారా?" అంది.

ఎవరో నవ్వారు. నేను మూడు ఇచ్చాను. అయిదు ఇచ్చాను. ఆమె కూర్చున్నచోటు నించి కదల్లేదు, సంచీ కూడా కదల్లేదు. ఆమె మొహంలో నా మీద జాలి కనిపించింది. "మీకు ఒంట్లో బాగాలేదేమో. కుయా రెండంటే ముందు నా టోపీ ఎగిరిపోతుంది" అంది. దాంతో నాకు రోషం వచ్చింది. తొమ్మిది తిన్నవాణ్ణి, నాకు తెలియదా? గోడదాకా వెళ్ళి పరుగెత్తుకొచ్చాను, కేక పెట్టి, రెండు చేతులా పట్టీ పట్టుకుని, నా ఒంటి బరువంతా వేసి లాగాను.

ఆ తర్వాత నాకు కనపడింది పైకప్పులో ట్యూబులైటు. నేను బెంచీ కింద ఉన్నాను, బెంచీ నా మీద ఉంది. ఆమె పెట్టిన అరుపుకి పక్క కొట్టులో పెరోగీలు చేసే ఆవిడ అప్పడాల కర్రతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. లిగాయా రెండడుగుల అవతల సంచీ గుండెకి పట్టుకుని నిలబడి ఉంది.

"అది ఎంత, వెర్న్?" అని అడిగింది మార్గో.

"పది" అన్నాను బెంచీ కిందనించి.

"కాదు, అది రెండు. కుయా ఇచ్చే రెండు" అంది లిగాయా. అని, నా వంక చూసింది. బెంచీ వంక చూసింది. మార్గో మాత్రం అందరిలా నోరెళ్ళబెట్టకుండా, ముందే తెలిసినట్టు తన గోళ్ళు చూసుకుంటోంది. లిగాయాకి విషయం అర్థమవడం నాకు కిందనించి స్పష్టంగా కనిపించింది. మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"ఆయన నాకు అబద్ధం చెప్పాడు" అంది. "ఇన్ని నెలలు. మొహమ్మీద. ఇల్లెక్కడ?"

నేను చిరునామా చెప్పానో లేదో ఆమె వీధిలో ఉంది. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి కదా అని నేనూ వెంటపడ్డాను. సూటు జిప్పు వీపు వెనక ఉంటుంది, ఎవరో ఒకరు విప్పితే గానీ రాదు. విప్పేవాళ్ళ కోసం ఆగే తీరిక లేదు. అందుచేత ఆ ఎండలో చలికోటు వేసుకున్న ఒక ఆడమనిషి ముందు, టేపుల సూటులో నేను వెనక. ఆమె తిన్నగా బస్టాపుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, వాళ్ళ భాషలో ఓరెస్ట్‌ని తిట్టడం మొదలుపెట్టింది. మాటలు అర్థం కాలేదు గానీ అంకె అర్థమైంది, తొమ్మిదికి తక్కువ ఉండదు. పక్కన కూర్చోబోయిన ఒక పెద్దమనిషి ఆమె మొహం చూసి, నన్ను చూసి, నిలబడే ఉండిపోయాడు. ఉత్తరానికి పోయే బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కింది. డ్రైవరు మమ్మల్నిద్దర్నీ చూసి, చలిగా ఉందా అని అడిగాడు. ఆమె వినిపించుకోకుండా కిటికీ పక్క సీట్లో కూర్చుని తిట్టడం కొనసాగించింది. ఆమె ఎక్కడ కూర్చుందో నేను గమనించాను. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

స్టెఫా తలుపు తీసి మా వేషాలు చూసి అడ్డు తప్పుకుంది. ఓరెస్ట్ పడక కుర్చీలో, పొట్ట మీద దిండు పెట్టుకుని ఉన్నాడు. లిగాయా ఎదురుగా నిలబడి, కుట్లు ఎన్ని పడ్డాయని ముందు అడిగింది. ఆరు అన్నాడు. అయితే కొట్టనంది.

"మీరు నాకు అబద్ధం చెప్పారు, కుయా."

"చెప్పాను."

"ఏడు నెలలు."

"ఆరున్నర. మొదట్లో రెండు వారాలు నిజం రెండే ఇచ్చాను."

"మరి మేలో ఇచ్చిన రెండు?"

ఓరెస్ట్ దిండు సర్దుకున్నాడు. "ఎనిమిదింబావు" అన్నాడు.

ఆమె ఇంకేదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. డిసెంబరులోనే ఒక మంగళవారం సంగతి గుర్తుచేశాడు. "ఆ రోజు, ఇక మూడు అన్నాను. ఇచ్చింది మాత్రం ముందు వారం ఇచ్చిందే, రవ్వంత కూడా ఎక్కువ కాదు. అయినా నీ చేతులు ఆగిపోయాయి. నా చేతికి కాదు, ఆ మాటకి బిగుసుకున్నావు. అందుకని అంకెని కదపడం మానేశాను. తక్కినదంతా పావు చుట్టు, పావు చుట్టు తిప్పుకుంటూ వచ్చాను. ఆపు అంటే ఆ క్షణం ఆపేవాణ్ణి. నువ్వు ఒక్కసారీ అనలేదు. అయినా చెప్పాల్సింది. చెబితే మళ్ళీ సున్నాకి వెళ్ళిపోతావని భయపడ్డాను. తప్పు నాదే."

అంకె కోసం ఫాదర్ చెయ్యి వదలని మనిషి, పోలీసుని నిలబెట్టి కోపం కొలిచిన మనిషి, వారం వారం లిగాయాకి తప్పు అంకె చెప్పి గడిపాడు. ఎంత బరువు అనిపించి ఉంటుందో నాకు తెలుసు. ఆయన మూడుంబావుని మూడున్నర అన్నవాణ్ణి పిలిచి సరిదిద్దే రకం.

ఓరెస్ట్ మాట మార్చడానికి, ఎలా వచ్చావు, మీ చెల్లి దింపిందా అని అడిగాడు.

"లేదు, బస్సులో" అంది లిగాయా. అని ఆగిపోయింది. నా వైపు తిరిగింది. అవునని తలూపాను. ఆమె మెల్లగా సోఫాలో కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "బస్సులో వచ్చాను" అని మళ్ళీ అంది, తనకే చెప్పుకుంటున్నట్టు. తర్వాత సంచీలోంచి ఆ ఉత్తరం తీసి, నాలుగు ముక్కలు చేసి, చెత్తబుట్ట ఎక్కడని స్టెఫాని అడిగింది.

ఓరెస్ట్ కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఆగేటప్పుడు చివర్లో కీచుమందా?"

"అంది."

"అయితే పాత బస్సే. ఇప్పుడు చెప్పు, నా మీద కోపం ఎంత?"

లిగాయా టోపీ మళ్ళీ తలకి పెట్టుకుంది. "రెండు" అంది. ఎవరి లెక్కలో రెండో ఆయనకి అర్థమై, దిండు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

స్టెఫా అందరికీ బీట్‌రూట్ సూపు పోసింది. లిగాయా ఇకమీదట నిజం అంకె చెప్పాలని మాట తీసుకుంది, ఆయన ఇచ్చాడు. ఆ ఊపులో నేనూ ఒక మాట అడిగేశాను. "ఓరెస్ట్, మరి నా తొమ్మిది?"

ఆయన సూపులోకి చూశాడు. మాట తీసుకున్న మనిషి ఎదురుగానే ఉందాయె. చివరికి స్టెఫాయే నా గిన్నెలో మీగడ వేస్తూ జవాబు చెప్పింది. "నీ పాఠం ఉన్న రోజుల్లో ఈయన మోకాళ్ళకి పట్టీలు కట్టుకునేవాడు కాదు నాయనా. ఇవాళ వెర్న్ వస్తాడు, కాస్త విశ్రాంతి అనేవాడు."

లిగాయా సాయంత్రం బస్సులోనే ఇంటికి వెళ్ళింది, ఒంటరిగా. వెళ్ళేముందు నా జిప్పు విప్పింది. మంగళవారాలు ఇప్పటికీ వస్తుంది, మాతోపాటే వస్తుంది, ఎంత అంటే ఎనిమిదింబావు అంటుంది. నేను మాత్రం పెళ్ళి విందుల్లో నాది తొమ్మిదని ఇంకా చెబుతూనే ఉన్నాను. ఎవరి తొమ్మిది అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.